సభలో కూర్చున్నవాడి వాటా

ఒక చావడి నడిపేవాడి రాజకీయం మనకు గిట్టదు. అక్కడికి రోజూ పోయి కూర్చోవచ్చా, లేక లేచి వచ్చెయ్యాలా? ఒకప్పటి ట్విట్టర్, ఇప్పటి ఎక్స్ గురించీ, ఫేస్‌బుక్ గురించీ కొన్నేళ్ళుగా జరుగుతున్న తర్జనభర్జన అంతా దీని మీదే. 2022 అక్టోబరులో ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లు పోసి ట్విట్టర్‌ను కొన్నాడు. రెండేళ్ళకు అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ట్రంప్ కోసం బాహాటంగా, డబ్బుతో సహా, రంగంలోకి దిగాడు. ఫలితాలు వచ్చిన మరుసటి వారమే లండన్ పత్రిక గార్డియన్ తన అధికారిక ఎక్స్ ఖాతాల్లో ఇక ఏమీ పెట్టబోమని చెప్పి తప్పుకుంది. 2025 జనవరిలో ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా, అమెరికాలో బయటి సంస్థల చేత నిజనిర్ధారణ చేయించే పద్ధతికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. వెళ్ళినవాళ్ళు ఉన్నవాళ్ళను పిరికివాళ్ళన్నారు, ఉన్నవాళ్ళు వెళ్ళినవాళ్ళను పలాయనవాదులన్నారు. దీన్ని సాఫ్ట్‌వేర్ సంగతిగానో పార్టీల సంగతిగానో చూస్తే ఈ తగవు తెగదు. ఇది ధర్మసందేహం. తప్పు జరుగుతున్న చోట ఊరికే కూర్చున్నవాడికి ఆ తప్పులో వాటా ఉంటుందా? ఉంటే, లేచి పోయినంత మాత్రాన ఆ వాటా పోతుందా? రెండో ప్రశ్న చాలామంది అడగరు, పోతుందనే అనుకుంటారు. ఆ అనుకోవడం మీదే నాకు అనుమానం. దానికి ఆధారం మదురైలో ఉంది.

1939 జూలై 8న ఎ. వైద్యనాథ అయ్యర్, అంతవరకూ గడప తొక్కనివ్వని కులాలవారిని కొందరిని వెంటబెట్టుకుని మీనాక్షి అమ్మవారి గుడిలోకి నడిచాడు. ఆయన మదురై వకీలు, తమిళనాడు హరిజన సేవక సంఘానికి అధ్యక్షుడు. వెంట వెళ్ళినవాళ్ళలో ఒకరు కక్కన్, తర్వాతి కాలంలో పార్లమెంటు సభ్యుడూ మద్రాసు రాష్ట్ర మంత్రీ అయ్యాడు. గుడి కార్యనిర్వహణాధికారి ఆర్.ఎస్. నాయుడు అడ్డుచెప్పలేదు సరికదా, అండగా నిలబడ్డాడు. మద్రాసు ప్రధానిగా ఉన్న రాజాజీ, ఈ పని చేసినవాళ్ళ మీద కేసులు పడకుండా ముందు ఆర్డినెన్సు, దాని వెంటే చట్టం తెచ్చాడు. ఇంతవరకూ బడిపుస్తకాల్లో దొరికే కథ. దీని తరువాయి అంతగా దొరకదు. గుడి మైలపడిందనీ, శుద్ధి చెయ్యందే అమ్మవారిని ముట్టమనీ చెప్పి గుడి అర్చకులైన భట్టర్లలో ఎక్కువమంది పనికి రావడం మానేశారు. వాళ్ళను తప్పించడం, వాళ్ళు కోర్టుకెక్కడం, ఇదంతా 1945 దాకా నడిచింది. వర్ణాశ్రమ స్వరాజ్య సంఘం తరఫున ఈ ప్రతిఘటనకు ముందు నిలిచిన వకీలు నటేశ అయ్యర్ ఇంకో అడుగు వేశాడు. అమ్మవారే ఆ గుడి విడిచి వచ్చేసిందని చెప్పి, తమిళ సంగం రోడ్డులో తన బంగళా దగ్గర వేరే మీనాక్షి గుడి పెట్టించాడు. పెద్ద గుడికి వెళ్ళనని పట్టుబట్టినవాళ్ళు అక్కడికి పోయి మొక్కుకున్నారు. వీళ్ళూ ఒక చావడిని దాని రాజకీయం మారిందని వదిలేసి, తమకు నచ్చిన నియమాలతో ఇంకొకటి పెట్టుకున్నవాళ్ళే. వాళ్ళది ఉత్తుత్తి కోపం కాదు. భట్టర్లు గుడిలో తమ వంతులు వదులుకున్నారు, రాబడి వదులుకున్నారు, తరాల హక్కును పణంగా పెట్టారు. ఈ రోజు ఎక్స్ ఖాతా మూసినవాడు పోగొట్టుకునేదానికి అది ఎన్నో రెట్లు.

అదే గుడికి, దానికి అయిదేళ్ళ ముందు, ఇంకొకాయన కూడా దూరంగా ఉన్నాడు. 1934లో హరిజన యాత్ర మీద మదురై వచ్చిన గాంధీ ఊళ్ళో తిరిగి నిధి పోగుచేశాడు గాని గుడిలోకి పోలేదు. అందరినీ రానిచ్చేదాకా తానూ రానన్నాడు. 1946 ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చినప్పుడు లోపలికి వెళ్ళి దర్శనం చేసుకున్నాడు. పైపైన చూస్తే గాంధీ చేసిందీ నటేశ అయ్యర్ చేసిందీ ఒకటే, ఇద్దరూ గడప ఇవతల ఆగిపోయారు. ఇద్దరికీ నమ్మకం గట్టిదే, ఇద్దరూ ధర్మం పేరే చెప్పారు. తేడా ఎక్కడుందో వెతికితే రెండు చోట్ల దొరుకుతుంది. గాంధీ బయట నిలబడింది బయట ఆపేసినవాళ్ళ పక్కన. నటేశ అయ్యర్ బయటికి వచ్చింది లోపలికి వచ్చినవాళ్ళ పక్కన నిలబడలేక. రెండోది, గాంధీ తాను తిరిగి ఎప్పుడు వస్తాడో ముందే చెప్పాడు, ఆ షరతు తీరాక వచ్చాడు. నటేశ అయ్యర్ పెట్టిన షరతు తీరాలంటే వచ్చినవాళ్ళను మళ్ళీ వెళ్ళగొట్టాలి. వదిలి రావడం అనే పనికి తనంతట తానుగా పుణ్యమూ లేదు, పాపమూ లేదు. ఎవరి కోసం వదిలారు, తలుపు ఎటు తెరుచుకుంటే తిరిగి వస్తారు అన్నదాన్ని బట్టే దానికి విలువ వస్తుంది. మదురై తెలుగువాళ్ళకు ఈ కథలో 'మనవాళ్ళు ఎటు' అని లెక్క చూసుకునే వీలు కూడా లేదు. గుడి ఎదుట పుదుమండపం కట్టించిన తిరుమల నాయకుడి ఇంటిభాష తెలుగు. ఇదే ఊరి వీధులూ కాలువలూ శుభ్రం చేస్తూ వచ్చిన అరుంధతియర్లలో చాలా ఇళ్ళ భాష కూడా తెలుగే. ఒకరి పూర్వీకులు మండపం ఎత్తించారు. ఇంకొకరి పూర్వీకులు 1939 దాకా దాని అవతలి గోపురం దాటలేదు.

ఇక్కడ మన చెవికి ఉన్న ఒక అలవాటును కూడా గుర్తుపట్టాలి. మదురై నుంచి కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న కమ్మవారికీ, కంబళత్తు నాయకులకూ వలస కథలున్నాయి. ఉత్తరాన ఒక పాలకుడు తమ ఆడబిడ్డను అడిగాడనీ, ఇవ్వలేక రాత్రికి రాత్రి కదిలారనీ, ఏరు అడ్డం వస్తే ఒడ్డున చెట్టు వంగి వంతెనైందనీ చెప్పుకుంటారు. కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలలో ఆ ఆడబిడ్డ పేరు చెన్నాదేవి. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వేరే సంగతి. వదిలి రావడంతోనే తన పుట్టుక మొదలైందని చెప్పుకునే జాతికి, వదిలి రావడం ఎప్పుడూ గొప్ప పనిగానే వినిపిస్తుంది. అందుకే మరింత జాగ్రత్త కావాలి. ఆ కథలో వాళ్ళు షరతులు చెప్పలేదు, తిరిగి రాలేదు. చెప్పనక్కర్లేదు కూడా. ప్రమాదం తమ బిడ్డ మీదికే వచ్చినప్పుడు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకునే పని లేదు. ఈ రోజు కూడా రోజుకు పదిమంది చేత బూతులు తిట్టించుకుంటూ, ఫోటోలు మార్చి పెడితే చూసి కుమిలిపోతూ ఒక అమ్మాయి ఎక్స్ వదిలేస్తే, ఆమెను ధర్మం పేరిట నిలదీసే హక్కు ఎవరికీ లేదు. నేను మాట్లాడుతున్నది దెబ్బ తమ మీద పడనివాళ్ళ గురించి. పక్కవాడి మీద పడుతున్న దెబ్బ చూస్తూ కూర్చున్నవాళ్ళ గురించి.

ఆ కూర్చున్నవాళ్ళ గురించి భారతం సభాపర్వంలో ఒక లెక్క ఉంది. ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలెవరూ బదులివ్వని సమయంలో విదురుడు లేచి, ప్రహ్లాదుడికి కశ్యపుడు చెప్పిన మాటను గుర్తుచేస్తాడు. సభలో అధర్మం జరిగి, దాన్ని ఎవరూ ఖండించకపోతే ఆ పాపంలో సగం సభాపతికి, పావువంతు చేసినవాడికి, మిగిలిన పావు నోరు మెదపని సభ్యులకు పోతుంది. ఖండిస్తే సభాపతీ సభ్యులూ బయటపడతారు, పాపమంతా చేసినవాడి నెత్తినే పడుతుంది. సభకు పోకుండానైనా ఉండాలి, పోతే ఉన్నమాట అనైనా అనాలి అని మనుస్మృతి కూడా ఇదే తీరున అంటుంది. ఉద్యోగపర్వంలో తిక్కన కృష్ణుడి చేత కొలువులో పలికించిందీ, చేతనై ఉండి ఊరుకున్నవాళ్ళకు వచ్చే చేటు గురించే. ఇన్ని చోట్ల ఉన్నది ఒకటే నియమం. దానిలో ఒక సంగతి మనం తరచు దాటవేస్తాం. వాటా పడేది కూర్చున్నందుకు కాదు, కూర్చుని మాట్లాడనందుకు. విదురుడు లేచి పోలేదు, చెప్పి కూర్చున్నాడు. వికర్ణుడూ చెప్పి కూర్చున్నాడు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకుని కూర్చున్నాడు. లోకం ఇప్పటికీ వేలెత్తి చూపేది ఆయన్నే. తర్వాత యుద్ధం దగ్గరికి వస్తే బలరాముడు ఇటూ అటూ కాకుండా తీర్థయాత్రకు పోయాడు. యాత్ర ఫలం ఆయనకు దక్కిందేమో గాని, ఆ పోవడం వల్ల కురుక్షేత్రంలో ఒక్క ప్రాణం మిగిలిన దాఖలా లేదు. విభీషణుడు చెప్పవలసినంత చెప్పి, వినకపోతే పోయాడు. అయినా ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఆయన్ను వదల్లేదు. పోయిన చోట రాజ్యం దొరికింది కదా, అక్కడే లోకానికి అనుమానం.

ఈ లెక్కను ఫేస్‌బుక్‌కూ ఎక్స్‌కూ తగిలించి చూస్తే, అది పనిచేయని ఒక చోటు కనిపిస్తుంది. కౌరవసభలో విదురుడి ఖండన దుర్యోధనుడికి ఒక్క కాసు సంపాదించిపెట్టలేదు. ఇక్కడ సంపాదించిపెడుతుంది. 2021లో బయటికి వచ్చిన ఫేస్‌బుక్ లోపలి పత్రాల ప్రకారం, 2017 నుంచి కొంతకాలం ఆ కంపెనీ కోపం బొమ్మతో సహా స్పందన బొమ్మలను లైక్ కంటే అయిదింతలు బరువుగా లెక్కపెట్టింది. ఏ రాతకు ఎక్కువ కోపం వస్తే అది ఎక్కువమంది కళ్ళ ముందుకు పోయేది. లోపలివాళ్ళే అభ్యంతరం చెప్పాక ఆ బరువు తగ్గిస్తూ వచ్చి, 2020లో కోపానికి సున్నా చేశారు. లెక్క మారింది గాని వ్యాపారం మారలేదు. మనం ఎంతసేపు అక్కడ ఉంటే అంత ప్రకటనల రాబడి, మనం తిట్టడానికి ఉన్నామా పొగడడానికి ఉన్నామా అన్నది వాళ్ళ ఖాతాపుస్తకానికి అనవసరం. సభాపతి సంగతి కూడా చూడండి. 2020 ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్, హైదరాబాద్ గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్ పేరిట ఉన్న ద్వేషపు రాతల మీద ఫేస్‌బుక్ తన సొంత నియమాలను అమలుచేయలేదనీ, పాలకపక్షంతో తగువు వ్యాపారానికి చేటని ఇక్కడి అధికారి ఒకరు అడ్డుపడ్డారనీ రాసింది. తమకు ఏ పార్టీ పక్షపాతమూ లేదని కంపెనీ అంది. ఆ పేజీలు తనవి కావని ఎమ్మెల్యే అన్నారు. సెప్టెంబరు మొదట్లో ఫేస్‌బుక్ ఆయనను నిషేధించింది. అంతకుముందు ఎంతోమంది వాడుకదారులు ఫిర్యాదుల మీట నొక్కే ఉంటారు. కదలిక వచ్చింది మాత్రం బయటి పత్రికలో అచ్చయ్యాకే. లోపల కూర్చుని ఖండించడం వల్ల సభాపతి కదలడనీ, పైగా ఆ ఖండన మీద కూడా ఆయనకు కమీషను ముడుతుందనీ తేలినప్పుడు, ధర్మశాస్త్రం చెప్పిన రెండు దారుల్లో రెండోది మూసుకుపోయినట్టే. అప్పుడు మిగిలేది మొదటిది: పోకుండా ఉండడం.

ఇక్కడితో ఆగితే ఈ వాదం ఎక్స్ వదిలినవాళ్ళకు భుజం తట్టినట్టుగా ముగుస్తుంది. కాని ఇంకో చావడి ఉంది, అసలైన జనం అక్కడున్నారు. 2021 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు ప్రకటిస్తూ కేంద్రప్రభుత్వం చెప్పిన లెక్కల ప్రకారం మన దేశంలో ట్విట్టర్ వాడేవాళ్ళు 1.75 కోట్లు, ఫేస్‌బుక్ వాడేవాళ్ళు 41 కోట్లు, వాట్సాప్ వాడేవాళ్ళు 53 కోట్లు. ట్విట్టర్ వదలడం గురించి వ్యాసాలు రాసే మనం వాట్సాప్ వదలడం గురించి మాటవరసకైనా అనుకోం. వాట్సాప్ 2014 నుంచీ ఫేస్‌బుక్ వాళ్ళదే. బంధువుల గ్రూపు ఒకటి తెరిచి చూడండి. తెల్లవారుజామున వెంకటేశ్వరస్వామి, ఆ కింద ఎవరిదో పుట్టినరోజు, ఆ కింద గృహప్రవేశం పిలుపు. దాని కింద జంట బాణాల గుర్తుతో, చాలాసార్లు చేతులు మారిందని వాట్సాప్ తానే చెబుతున్న ఒక సందేశం. ఫలానా మతంవాళ్ళు అన్నంలో ఏం కలుపుతారో, ఫలానా రాష్ట్రంనుంచి వచ్చినవాళ్ళు పిల్లల్ని ఎలా ఎత్తుకుపోతారో అందులో ఉంటుంది. పంపింది పెదనాన్న. దాని కింద రెండు నమస్కారాలు, ఒక 'అవును బావా', మిగతా నలభైమంది మౌనం. ఇది చిన్న సంగతేమీ కాదు. 2018 జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్ళిన ఒక ఇంజనీరును, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న వాట్సాప్ పుకారు నమ్మి మూక కొట్టి చంపింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

బంధువుల గ్రూపు విదురుడి సభకు అచ్చంగా సరిపోతుంది. అక్కడ కోపానికి బరువు కట్టి పైకి ఎత్తే యంత్రం లేదు, రాసినది రాసిన వరసలోనే వస్తుంది. 'పెదనాన్నా, ఇది అబద్ధం. ఇలాంటిది మన గ్రూపులో వద్దండీ' అని రాస్తే ఆ మాట వల్ల ఆ పుకారు ఇంకో పదివేలమందికి చేరదు, పెదనాన్నకే చేరుతుంది. ఖండన పూర్తి బలంతో పనిచేసే చోటు అది. మనం నోరు కట్టుకుని కూర్చునే చోటూ అదే. ఎక్స్‌లో ముక్కూ మొహం తెలియనివాడిని ఉతికి ఆరేసినవాడు బంధువుల గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. ఎక్స్ వదిలినప్పుడు పదిమందికీ తెలిసేలా వీడ్కోలు రాసినవాడు, గ్రూపు నుంచి పోవాలనిపిస్తే చప్పుడు కాకుండా పోతాడు. 2022లో వాట్సాప్ దానికి సదుపాయం కూడా చేసింది. ఇప్పుడు ఎవరు పోయినా నిర్వాహకులకు తప్ప ఎవరికీ చెప్పదు. మర్యాదకు అది మంచి సదుపాయమే. ధర్మం లెక్కలో మాత్రం ఆ పోవడం ఎవరికీ వినపడని ఖండన, అంటే ఖండన కానే కాదు. ఖర్చు లేని చోట మనస్సాక్షిని చూపించి, ఖర్చున్న చోట దాచుకోవడం నటేశ అయ్యర్ కూడా చెయ్యలేదు. ఆయన తప్పు వేరు.

ఇక ఆక్షేపణల సంగతి. ఒక్కడు పోతే కంపెనీకి ఏం లోటు అంటారు. నిజమే, లోటేమీ లేదు. గాంధీ రానందువల్ల మీనాక్షి గుడి హుండీకీ లోటు రాలేదు. ఆయన రాకపోవడం పనిచేసింది హుండీ మీద కాదు, ఎందుకు రాలేదో చెప్పడం వల్ల ఊరి మనసు మీద. పైగా, వెళ్ళడం లాభనష్టాల లెక్కతో జరిగినప్పుడల్లా ఎలా ముగిసిందో మన దగ్గరే రెండు సార్లు చూశాం. 2019లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసినప్పుడు ఉదారవాదులు చాలామంది మాస్టొడాన్ అనే ఇంకో వేదికకు తరలిపోయారు. 2021లో రైతుల ఉద్యమం వేళ కేంద్రానికీ ట్విట్టర్‌కూ చెడినప్పుడు మంత్రులతో సహా ఇంకో పక్షంవాళ్ళు 'కూ' అనే దేశీయ వేదికలో చేరారు. మొదటివాళ్ళలో చాలామంది కొన్ని నెలల్లో వెనక్కి వచ్చారు. కూ 2024 జూలైలో మూతపడింది. రెండు వైపులా జరిగింది ఒకటే. తమలాంటివాళ్ళే ఉన్న చోటికి పోయారు, అక్కడ వాదించడానికి ఎవరూ లేక విసుగొచ్చింది. తమిళ సంగం రోడ్డు గుడి కూడా నిలబడలేదు. ఎదురుగా ఎవరి మీదా అలిగే పని లేని చోట అలిగి కట్టిన గుడికి పని ఉండదు.

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. గుడి ప్రజలది, ఎక్స్ ఒకరి సొత్తు. రెంటినీ ఒకే గాట కట్టడమేమిటని. ఒప్పుకుంటాను, కాని ఆ తేడా వదిలేవాళ్ళ పక్షానే పోతుంది. గుడిని వదిలితే మనదైన దాన్ని ఇతరులకు ధారపోసినట్టు, అందుకే వైద్యనాథ అయ్యర్ వదలకుండా తలుపు తెరిపించాడు. ఒకరి సొత్తులో అలా తెరిపించడానికి చట్టం తప్ప మన చేతిలో ఏమీ లేదు. చిక్కల్లా ఆ సొత్తుదారు రాజకీయం ఒకటే రంగులో ఉండకపోవడం. అమెరికాలో పాలకులతో భుజాలు రాసుకున్న ఇదే ఎక్స్, ఖాతాలూ పోస్టులూ తొలగించమన్న మన కేంద్రప్రభుత్వ ఆదేశాల మీద కర్ణాటక హైకోర్టుకు వెళ్ళింది. మస్క్ రాకముందే ట్విట్టర్ వేసిన ఆ వ్యాజ్యాన్ని 2023 జూన్‌లో కోర్టు కొట్టేసి 50 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. తొలగింపు నోటీసులు పంపే సర్కారు సహయోగ్ పోర్టల్ మీద ఎక్స్ మళ్ళీ వేసిన వ్యాజ్యమూ 2025 సెప్టెంబరులో పోయింది. మస్క్ ట్రంప్ పక్షం చేరినందుకు మదురైలో ఒకరు ఎక్స్ వదిలితే, ఇక్కడ సర్కారు మూయించిన ఖాతాలవాళ్ళకు దాంతో ఒరిగేదేమిటి? అందుకే 'దాని రాజకీయం నచ్చలేదు' అన్న మాట చాలదు. ఎవరికి జరిగిన ఏ అన్యాయం, అది ఏ తీరున సరిదిద్దితే వెనక్కి వస్తాం అని చెప్పలేనివాడు ఇంకా వదిలే స్థితికి రాలేదన్నమాట.

వదలడం కలిగినవాళ్ళ విలాసమన్నది మూడో మాట. దీనికి మదురై తెలుగువాళ్ళే సాక్ష్యం. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు, బడిలో నేర్చింది తమిళం. రాయాలంటే తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాస్తారు, లేదంటే వాట్సాప్‌లో గొంతు పంపిస్తారు. విరుదునగర్‌లో మేనత్తకూ, కోయంబత్తూరులో పెదతండ్రి కొడుక్కూ, చెన్నైలో కూతురికీ మధ్య తెలుగు వినిపించే చావడి వేరే లేదు. ఇంటి నుంచి చీరలు అమ్ముకునే ఆవిడకు అదే దుకాణం. అలాంటివాళ్ళను ఒక కంపెనీ పాపంలో వాటాదారులనడం నాకు నోరు రాదు. విదురుడి లెక్క సభ్యులకే గాని, కొలువులో పనిచేసుకునేవాళ్ళకు కాదు. బయటికి దారి చూపేవాళ్ళు మన దగ్గరే ఉన్నారంటారు. తెన్‌కాశి దగ్గర పల్లెలో ఉండి జోహో కంపెనీని నడిపిన శ్రీధర్ వెంబు తెచ్చిన అరట్టై అనే సందేశాల యాప్‌కు 2025లో ఒక్కసారిగా జనం ఎగబడ్డారు. స్వదేశీ అని చేరినవాళ్ళెక్కువ. కాని యజమాని మన ప్రాంతంవాడైనంత మాత్రాన చావడి ధర్మం మారదు. రేపు ఆయన రాజకీయం ఇంకొకరికి నచ్చకపోతే ఇదే ప్రశ్న మళ్ళీ మొదటికి వస్తుంది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టే ఆక్షేపణ ఇంకొకటుంది: నటేశ అయ్యర్ కూడా మనస్సాక్షి మాటే విన్నాడు కదా, ఆయన్ను తప్పుపట్టి ఎక్స్ వదిలినవాణ్ణి ఎలా మెచ్చుకుంటారని. మెచ్చుకోవడం లేదు. ఆత్మశుద్ధి కోసం వదిలానన్నవాడు ఇద్దరిలో ఏ పక్షంవాడైనా నాకు ఒకటే. శుద్ధి తప్పు కోరిక కాదు, మన ధర్మాల్లో దానికి పెద్ద పీటే ఉంది. ఏకాంతంలో జపం చేసుకునేవాడికి అది చాలు. నలుగురు కూడే చోట మాత్రం శుద్ధి మాట ఎత్తగానే మైల ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, జవాబు ఎప్పుడూ ఇంకొక మనిషి వైపే చూపిస్తుంది. ఎక్స్‌లో ఉన్నవాళ్ళంతా చెడ్డవాళ్ళని తేల్చి వెళ్ళిపోయిన ఉదారవాది మాటలో కూడా ఆ మడి వాసన నాకు వస్తుంది.

కనుక నా పాటికి నేను తేల్చుకున్నది ఇంత. డబ్బు కట్టి నీలి గుర్తు తీసుకోవడం, ప్రకటనలు ఇవ్వడం, కోపంతో వాదాలకు దిగడం లాంటి, యజమానికి డబ్బు పోసే పనులు ఎక్స్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ మానెయ్యాలి. పూర్తిగా వదిలేవాళ్ళు చివరి రాతలో ఎవరి కోసం, ఏ షరతు మీద అన్నది రెండు వాక్యాల్లో చెప్పి వదలాలి. వాట్సాప్‌లో ఉండాలి, ఉండి పెదనాన్నకు చెప్పాలి. దీనితో తేలని చిక్కు ఒకటి మిగులుతుంది. రైలు పెట్టెలో నీళ్ళు లేవన్నా, ఎవరో వేధిస్తున్నారన్నా రైల్వేవాళ్ళు పదేళ్ళుగా ట్విట్టర్‌లో బదులిస్తూ వచ్చారు. రైల్వే ఫిర్యాదుల వేదిక రైల్‌మదద్ వచ్చిన తర్వాత కూడా, పదిమంది చూస్తుండగా ఎక్స్‌లో రాస్తేనే తొందరగా కదులుతారన్న నమ్మకం జనంలో పోలేదు. ప్రభుత్వ కార్యాలయాలు అక్కడ బదులు చెబుతున్నంత కాలం, ఆ చావడిని వదిలిన పౌరుడు ఒక వ్యాపారితో పాటు తన సర్కారునూ కొంత వదులుకున్నట్టే. ఈ సంగతి ఖాతా మూసుకుంటే తేలదు. ఫిర్యాదు ఏ దారిన వచ్చినా ఒకే గడువులో బదులివ్వాలని, ఎక్స్‌లో పెట్టే ప్రతి ప్రకటనా తమ సొంత వెబ్‌సైటులో అదే నిమిషంలో పెట్టాలని ప్రతి కార్యాలయాన్నీ అడగాలి. ఎక్స్‌లో ఉన్నవాళ్ళూ వదిలినవాళ్ళూ కలిసి పెట్టగల అర్జీ అదొక్కటే కనిపిస్తోంది.